మన చిన్న ఇంగ్లండు, వారి పెద్ద ఇంగ్లండు

దొరల కాలంలో తళి, హోసూరు ప్రాంతానికి "చిన్న ఇంగ్లండు" అని ఒక ముద్దుపేరు వచ్చింది. దొరలు వెళ్లిపోయి డెబ్బది అయిదేండ్లు దాటినా ఆ పేరు మాత్రం మనలను వదలలేదు. చిత్తూరు నుంచో, కడప నుంచో, నెల్లూరు నుంచో చుట్టాలు దిగితే, "మాది చిన్న ఇంగ్లండు సుమా, దుప్పటి తెచ్చుకున్నారా?" అని మనమే గొప్పగా అడుగుతాము. ఇప్పుడు దీనికి తోడు మరొక విశేషం వచ్చి చేరింది. మన ఇండ్లలోని పిల్లలు చదువులకూ, ఉద్యోగాలకూ అసలు ఇంగ్లండుకే వెళుతున్నారు. వారిని చూచి రావడానికి తల్లిదండ్రులు విమానమెక్కుతున్నారు. అక్కడ పుట్టిన మనుమలూ మనుమరాండ్రూ సెలవులకు ఇక్కడికి వస్తున్నారు.

అందుచేత ఇటు వచ్చేవారూ, అటు వెళ్లేవారూ కూడా ఒకే ప్రశ్న వేస్తున్నారు: ఏ నెలలో ప్రయాణం పెట్టుకోవాలి, పెట్టెలో ఏ బట్టలు సర్దుకోవాలి? నేను గుమాస్తాను గాని వాతావరణ శాస్త్రం చదివినవాడను కాను. అయినా ఉద్యోగరీత్యా హోసూరుకూ కృష్ణగిరికీ నడుమ ఏండ్ల తరబడి బస్సులో తిరిగినవాడిని గనుక, ఇక్కడి గాలి సంగతి నాకు కొంత తెలుసు. రెండు ఇంగ్లండులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రయాణికులకు ఉపయోగమే గాక, ఆ ముద్దుపేరులో నిజమెంతో కూడా తేలుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఎత్తు చేసిన మేలు

ముందుగా ఒక చిన్న లెక్క. ఇంగ్లండు దేశం మొత్తానికి అన్నిటికంటె ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్. దాని ఎత్తు 978 మీటర్లు. మన హోసూరు పట్టణం సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే మనం బస్టాండులో నిలబడి కాఫీ తాగుతున్నప్పుడు ఇంగ్లండులోని అతి పెద్ద కొండ శిఖరానికి నూరు మీటర్లు మాత్రమే తక్కువలో ఉన్నామన్నమాట! దెంకణికోట అవతలి మేలగిరి కొండలలో కొన్ని శిఖరాలు స్కాఫెల్ పైక్‌ను మించినవే.

ఎత్తు పెరిగిన కొద్దీ గాలి చల్లబడుతుంది. వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని భూగోళ పుస్తకాలు చెబుతాయి. మన చల్లదనానికి మూలకారణం ఇదే. ఇంగ్లండు చల్లదనానికి కారణం వేరు. అది భూమధ్యరేఖకు చాలా ఉత్తరంగా ఉన్నది. లండను 51 డిగ్రీలు దాటిన అక్షాంశంలో ఉంటే, హోసూరు 13 డిగ్రీలకు లోపే ఉన్నది. వారిది సూర్యకిరణాలు ఏటవాలుగా పడడం వల్ల వచ్చిన చలి. మనది సూర్యుని నెత్తిన పెట్టుకొని, మిద్దె ఎక్కి గాలి పోసుకోవడం వంటిది. ఏప్రిల్ చివరలో ఒకసారి, ఆగస్టులో మరొకసారి మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. లండనులో ఏడాది పొడవునా ఒక్క రోజు కూడా అలా జరగదు.

హోసూరు నుంచి కృష్ణగిరికి సుమారు 50 కిలోమీటర్లు. సూళగిరి దాటిన తరువాత రోడ్డు కొండల నడుమ నుంచి దిగడం మొదలుపెడుతుంది. కృష్ణగిరి చేరేటప్పటికి దాదాపు 400 మీటర్ల కిందికి వచ్చేస్తాము. లెక్క ప్రకారం రెండు మూడు డిగ్రీల తేడా మాత్రమే ఉండాలి. కాని వేసవిలో బస్సు కిటికీ దగ్గర కూర్చున్నవారికి అది ఇంకా ఎక్కువనిపిస్తుంది. కారణం కృష్ణగిరి చుట్టూ ఉన్న రాతి కొండలు. అవి పగలంతా ఎండ తాగి, రాత్రి తీరికగా వదులుతూ ఉంటాయి.

ఈ మెట్టు సంగతి పాతకాలపు పాలకులకు బాగా తెలుసు. ఉమ్మడి సేలం జిల్లాను వారు తలఘాట్, బారామహల్, బాలాఘాట్ అని మూడు భాగాలుగా చెప్పేవారు. తలఘాట్ అంటే కనుమల దిగువ సీమ. బాలాఘాట్ అంటే కనుమల మీది సీమ, అంటే మన హోసూరు వైపు. నడిమి మెట్టు బారామహల్; కృష్ణగిరి అందులోనిది. 1792 శ్రీరంగపట్నం సంధితో బారామహల్ ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. అలెగ్జాండర్ రీడ్ క్రింద థామస్ మన్రో పన్ను పనులు నేర్చింది ఆ బారామహల్‌లోనే. మన రాయలసీమవారు "మన్రో దొర" అని నేటికీ తలచుకొనేది ఆయననే. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట హోసూరు మెట్ట కూడా వారికి దక్కింది. దిగువ ఎండలకు తాళలేని దొరలకు ఇది స్వర్గంగా కనిపించింది. 1824లోనే ఇక్కడ ప్రభుత్వ పశువుల ఫారం ఏర్పడింది. ఒక కలెక్టరుగారు ఇంగ్లండులోని కెనిల్‌వర్త్ కోట పేరు మీద హోసూరులో ఒక కోటమేడనే కట్టించుకున్నారు. ఇంటి మీద బెంగ పెట్టుకొన్న మనిషి ఎక్కడ కాస్త చల్లగాలి తగిలినా తన ఊరే అనుకుంటాడు గదా! "చిన్న ఇంగ్లండు" అన్న పేరు పుట్టింది అటువంటి బెంగలోనే కాబోలు.

పెద్ద ఇంగ్లండు సంగతి

ఇక పెద్ద ఇంగ్లండుకు వెళ్లేవారి కోసం. మనం మాటవరుసకు ఇంగ్లండు అంటాము గాని, యునైటెడ్ కింగ్‌డమ్ అనే రాజ్యంలో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండు అని నాలుగు భాగాలు ఉన్నవి. స్కాట్లండు ఉత్తరాన ఉన్న కొండ సీమ, చలి ఎక్కువ. ఇంగ్లండులో దక్షిణ తూర్పు భాగాలు చాలావరకు పల్లపు నేలలు.

అంత ఉత్తరాన ఉన్న దేశం నిజానికి చలికాలమంతా మంచులో కూరుకుపోవలసినది. అదే అక్షాంశంలో ఉన్న కెనడా ఊళ్లలో అటువంటి చలే ఉంటుంది. ఇంగ్లండును కాపాడుతున్నది సముద్రం. అట్లాంటిక్‌లో దక్షిణం నుంచి వెచ్చని నీటి ప్రవాహం ఒకటి అటు వస్తుంది. దాని మీదుగా వీచే నైరుతి గాలి దేశాన్ని గడ్డకట్టనివ్వదు. అందుచేత లండనులో జనవరి రాత్రులు సాధారణంగా రెండు మూడు డిగ్రీల దగ్గర నిలుస్తాయి. మంచు పడే రోజులు కొద్దే.

ఆ నైరుతి గాలి పేరు వినగానే మనకు మన ఋతుపవనం జ్ఞాపకం వస్తుంది. ఇక్కడ ఒక చక్కని పోలిక ఉన్నది. అక్కడి గాలి పడమటి కొండలను తాకి వాన కుమ్మరించి, తూర్పుకు వచ్చేసరికి చేతులు దులుపుకొంటుంది. అందుకే పడమటి కొండలలో వాన విపరీతం. తూర్పున ఉన్న లండనులో ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే. మన నైరుతి గాలి కూడా అంతే. పడమటి కనుమల మీద బుడగలెత్తే వాన కురిపించి, ఇటు వచ్చేటప్పటికి తుంపరలు చల్లి పోతుంది. ఈ విషయంలో మాత్రం హోసూరుకూ లండనుకూ చుట్టరికం కుదిరింది. రెండూ కొండల చాటు ఊళ్లే.

అక్కడివారు ఏడాదిని నాలుగు ఋతువులుగా పంచుకొంటారు. మార్చి నుంచి మే వరకు వసంతం, జూన్ నుంచి ఆగస్టు వరకు వేసవి, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఆకురాలే కాలం, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు శీతకాలం. మనవారిని తికమక పెట్టేది చలి కాదు, వెలుతురు. జూన్ నెలలో తెల్లవారుజామున అయిదు కాకముందే సూర్యోదయం. రాత్రి తొమ్మిది దాటినా ఇంకా ఎండ పొడ ఉంటుంది. సంధ్యావందనం చేసుకొనే పెద్దలకు ఏది సాయం సంధ్యో తెలియక కునుకు వస్తుంది. డిసెంబరులో దీనికి తలక్రిందులు. ఉదయం ఎనిమిదికి తెల్లవారి, సాయంత్రం నాలుగు కాకుండానే చీకటి పడుతుంది. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కూడా మన సాయంకాలపు సూర్యునివలె ఒక మూలనే ఉంటాడు. మన హోసూరులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు గంటన్నర మాత్రమే. లండనులో ఎనిమిది గంటలు దాటుతుంది. మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులు డిసెంబరు, జనవరి నెలలను తప్పించుకోవడం మంచిది. చలికి స్వెట్టరు ఉన్నది. నాలుగు గంటలకే పడే చీకటికి మందు లేదు. పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేవరకు ఒంటరిగా కూర్చొనే పెద్దవారికి అది మనసు మీద బరువు.

మే నుంచి సెప్టెంబరు వరకు వెళ్లడం యోగ్యం. అప్పుడయినా మన హోసూరు స్వెట్టరు ఒకటి, వాన తడవని కోటు ఒకటి తప్పక ఉంచుకోవాలి. గొడుగును ఎక్కువ నమ్మరాదు. గాలికి అది తిరగబడుతుంది. అక్టోబరు తరువాత వెళ్లేవారికి ఇక్కడి స్వెట్టరు చాలదు. లోపల ఉన్ని బనీను, కాళ్లకు మందపు మేజోళ్లు, పట్టు జారని బూట్లు కావాలి. ఇండ్లలో వెచ్చదనం ఏర్పాటు ఉంటుంది గనుక ఒకే బరువు కోటు కంటె, విప్పి వేసుకోదగిన రెండు మూడు పొరలు మేలు. గడియారం సంగతి కూడా ఒక మాట: మార్చి చివరి ఆదివారం వారు గడియారాన్ని గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనుకకు జరుపుకొంటారు. కనుక వేసవిలో మనకూ వారికీ నాలుగున్నర గంటలు, శీతకాలంలో అయిదున్నర గంటలు తేడా.

మన ఏడాది

ఇప్పుడు ఇటు వచ్చే చుట్టాల కోసం. మనకు నాలుగు ఋతువుల లెక్క కుదరదు. పంచాంగం ఆరు చెబుతుంది. రైతు కార్తెలు లెక్క పెడతాడు. మన ఇరుగుపొరుగు తమిళులు నెలల పేర్లతో చెబుతారు. మూడూ కలిపి చెప్పుకొంటేనే ఇక్కడి ఏడాది సరిగ్గా తెలుస్తుంది.

డిసెంబరు, జనవరి: హోసూరు, తళి, దెంకణికోట వైపు తెల్లవారుజామున పొగమంచు. రాత్రి వేడి పదిహేను డిగ్రీల దగ్గరికి, ఒక్కొక్కప్పుడు ఇంకా కిందికి దిగుతుంది. పగలు మాత్రం కమ్మని ఎండ. రాగికోతలు అయి, అనపకాయలు సంతలో దిగే రోజులివి. పితికిపప్పు కూర, రాగిముద్ద తినవలెనంటే ఈ రెండు నెలలలోనే రావాలి. పల్చని స్వెట్టరు, చెవులకు ఒక మఫ్లరు చాలు. ఇంగ్లండు మనుమలు ఈ రోజులలో చొక్కాతో తిరుగుతుంటే తాతలు మంకీ టోపీ పెట్టుకొని కూర్చోవడం చూచి నవ్వుకోవచ్చు.

ఫిబ్రవరిలో చలి తగ్గుతుంది. హోసూరు చుట్టుపక్కల పూలతోటలలో గులాబీలు కోసి విదేశాలకు పంపే తొందర ఇప్పుడే. ఇక్కడి చల్లదనం పూలకు పడుతుంది గనుక పెద్ద ఇంగ్లండువైపు కూడా మన గులాబీలు ప్రయాణం కడతాయి.

మార్చిలో చంద్రచూడేశ్వరస్వామి కొండ దిగువన తేరు కదిలిందంటే ఎండాకాలం వచ్చిందన్నమాట. మార్చి నుంచి మే వరకు హోసూరులో పగటి వేడి 34, 35 డిగ్రీలకు పోతుంది. కృష్ణగిరి, కావేరిపట్నం, బర్గూరు వైపు అంతకు మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే. "రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయి" అన్న మాట కృష్ణగిరి రాళ్లను చూచే పుట్టిందా అనిపిస్తుంది. కాని హోసూరు మెట్ట మీద చాలా ఏండ్లు రోహిణి దాకా ఆగనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల సాయంకాలాలలో ఉరుములతో మామిడి జల్లులు పడి వేడి విరుగుతుంది. మామిడిపండ్ల కోసం వచ్చేవారు మాత్రం కృష్ణగిరికి మే, జూన్ నెలలలోనే రావాలి. తోతాపురి బండ్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి నిలబడి ఉంటాయి. ఎండకు భయపడేవారు పగలు కృష్ణగిరిలో మామిడిపండ్లు తిని, రాత్రికి హోసూరు చేరుకోవచ్చు. కృష్ణగిరికి రైలు లేదు. హోసూరుకు సేలం, బెంగుళూరుల నుంచి రైలు ఉన్నది.

జూన్ నుంచి ఆగస్టు వరకు గాలి కాలం. తెలుగువారి ఆషాఢం, తమిళుల ఆడి ఇంచుమించు ఒకేసారి వస్తాయి. "ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుంది" అని తమిళంలో సామెత. మనకు ఎండకు రోళ్లు పగిలితే, వారికి గాలికి సన్నికల్లు ఎగురుతుంది. వంటింటి రాళ్లకు రెండు భాషలలోనూ విశ్రాంతి లేదు! ఆకాశం మబ్బు పట్టి, పగలు 27, 28 డిగ్రీలు, ముఖం మీద తుంపర. సరిగ్గా అప్పుడే లండనులో వారి నడివేసవి. పగటి వేడి సగటున 23, 24. రెండు ఇంగ్లండులూ ఒకదానికొకటి దగ్గరగా వచ్చేది ఏడాదిలో ఈ నెలలలోనే. బడి సెలవులకు అక్కడి నుంచి వచ్చే చిన్నపిల్లలకు ఇది అన్నిటికంటె అనువయిన కాలం.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అసలు వాన కాలం. నైరుతి వెళ్లిపోతూ కొంత, ఈశాన్యం వస్తూ కొంత ఇస్తుంది. చెరువులు నిండేది ఇప్పుడే. చేలు పచ్చగా, కొండలు కడిగినట్లుగా ఉంటాయి. కళ్లకు ఇంతకు మించిన కాలం లేదు. ప్రయాణానికి మాత్రం తుపాను కబురు చూచుకొని బయలుదేరాలి.

నీటి లెక్క

ఇక్కడే చిన్న ఇంగ్లండుకూ పెద్ద ఇంగ్లండుకూ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అంటే లండను కంటె మనకే ఎక్కువ! అయితే అక్కడి వాన నూరు రోజులకు పైగా పంచుకొని చినుకు చినుకుగా పడుతుంది. మన వాన ఏడాదిలో కొద్ది రోజులలోనే దబ్బున వచ్చి పోతుంది. 2024 డిసెంబరు మొదటి రెండు తేదీల నడుమ, ఫెంగల్ తుపాను లోపలికి వచ్చినప్పుడు, మన ఊత్తంగరైలో 24 గంటలలో సుమారు 500 మిల్లీమీటర్లు కురిసింది. లండనులో పది నెలలు కురిసే వాన అది. బస్టాండు దగ్గర నిలిపిన వ్యానులు కాగితపు పడవలవలె కొట్టుకుపోవడం దేశమంతా చూచింది.

ఇట్లా ముంచుకొచ్చే నీటిని పట్టి దాచుకోవడానికే మన పెద్దలు ప్రతి ఊరికీ ఒక చెరువు, దాని కింద ఇంకొక చెరువు, రెంటికీ నడుమ కాలువ పెట్టుకొన్నారు. ఇంగ్లండువారికి అంత అవసరం లేదు. వారి చెరువు మబ్బులలోనే ఉంటుంది. మనకు మబ్బు ఇచ్చిన దానిని నేల మీద కాపాడుకొంటేనే ఎండాకాలంలో బావిలో నీరు, గట్టున చెట్టు, చెట్టు కింద చల్లగాలి. ఎత్తు ఇచ్చేది సగం చల్లదనం. మిగిలిన సగం చెరువులూ, చెట్లూ ఇచ్చినవే.

1970ల నుంచి హోసూరులో కార్ఖానాలు పెరిగినవి. 2019లో పట్టణం కార్పొరేషను అయింది. మన పిల్లలకు ఉద్యోగాలు వచ్చింది అందువల్లనే, దానిని కాదనలేము. కాని ఊరు పెరిగినప్పుడు మొదట పూడేది చెరువే. హోసూరులో ఫ్యాను అక్కరలేదని చెప్పిన పెద్దల ఇండ్లలోనే ఈనాడు ఏప్రిల్ నెలలో ఏ.సి. పెట్టించుకొంటున్నారు.

మన నది సంగతి మరీ చెప్పుకోవాలి. నంది కొండల ప్రాంతంలో రెండు పినాకినులు పుట్టినవి. ఉత్తర పినాకిని పెన్నగా కడప, నెల్లూరు సీమలకు పోయింది. దక్షిణ పినాకిని మన వైపు వచ్చింది. తమిళులు దానిని తెన్‌పెణ్ణై అంటారు. నెల్లూరు చుట్టానికీ మనకూ నీటివరుసలో అక్కచెల్లెండ్ర బంధుత్వమన్నమాట. ఆ దక్షిణ పినాకిని మీదనే హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట, కింద 1950లలో కట్టిన కృష్ణగిరి డ్యాము ఉన్నవి. ఎగువన నగరపు మురుగూ, కార్ఖానాల నీరూ కలిసి, ఇటీవలి ఏండ్లలో కెలవరపల్లి దగ్గర వదిలిన నీటి మీద తెల్లని నురగ గుట్టలుగా తేలిరావడం పత్రికలలో పలుమార్లు వచ్చింది. పెద్ద ఇంగ్లండు నుంచి వచ్చిన మనుమడు దానిని చూచి, "తాతా, మంచు!" అంటే తాత ఏమి బదులు చెప్పాలి?

పెద్ద ఇంగ్లండు కూడా ఇప్పుడు పాత ఇంగ్లండు కాదు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కొనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. ఆ దేశపు లెక్కలలో 40 దాటడం అదే మొదలు. చలిని ఆపడానికి కట్టిన ఇండ్లలో ఫ్యాను కూడా లేక జనం అల్లాడిపోయారు. కనుక పేరు పెట్టినవారి దేశమే మారుతున్నప్పుడు, ఆ పేరును నమ్ముకొని మనం కూర్చోరాదు. మన ఎత్తును ఎవరూ తీసుకుపోలేరు. చెరువులు మాత్రం మన కళ్ల ముందే పోగలవు.

కనుక చుట్టాలు వచ్చినప్పుడు కోటలూ, కొండ గుడీ, తొరపల్లిలో రాజాజీ పుట్టిన ఇల్లూ చూపిన తరువాత, మీ ఊరి చెరువు గట్టు మీదికి కూడా ఒకసారి తీసుకువెళ్లండి. అది ఎప్పుడు నిండుతుందో, కాలువ ఎటు నుంచి వస్తుందో పిల్లలకు చెప్పండి. కాలువ పూడి ఉంటే పంచాయతీలోనో, కార్పొరేషనులోనో ఒక అర్జీ పెట్టండి. అర్జీ తెలుగులో, తమిళంలో ఎట్లా వ్రాయాలో అడిగితే చెప్పడానికి మనవంటి గుమాస్తాలు ఊరూరా ఉన్నారు. వచ్చేవారు అక్టోబరులో గొడుగు, జనవరిలో స్వెట్టరు, మేలో ఒక గోనెసంచి తెచ్చుకోండి. సంచి మామిడిపండ్లకు.